ధర్మనిర్ణయంలో యంత్రమేధ
– సెంటినెల్ ద్వీపం నేర్పే పాఠం –

ఒకనాడు లెక్కలు చేయడానికీ, దస్త్రాలు భద్రపరచడానికీ మాత్రమే మన కార్యాలయాలలో ప్రవేశించిన కంప్యూటరు, నేడు కృత్రిమ మేధ అనే కొత్త రూపం ధరించి ఉత్తరాలు వ్రాస్తున్నది, సలహాలు చెబుతున్నది. ‘ఏది న్యాయం, ఏది అన్యాయం?’ అని కూడా దానినే అడిగే రోజులు వచ్చాయి. ఇది ఎంతవరకు సమంజసం? శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు నెలవైన ఈ అండమాన్ దీవుల చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత సమాధానం లభిస్తుంది.

యంత్రం చేసే మేలు

2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ దీవుల ప్రజలు మరువలేరు. ఆనాడు ముందుగా హెచ్చరించే వ్యవస్థ మనకు లేదు. 2007లో హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. భూకంప మాపకాలు, సముద్రగర్భంలోని పీడన మాపకాలు పంపే సమాచారాన్ని ముందే గణించి ఉంచిన నమూనాలతో పోల్చి, ఏ తీరానికి ఎంత ముప్పో కొద్ది నిమిషాలలోనే తెలియజేయడం దీని పని. 2012 ఏప్రిల్ 11న సుమాత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూమి కంపించినా, సముద్రగర్భం పైకి లేవక ప్రధానంగా పక్కకు జరిగినందువలన పెద్ద అలలు రాలేదు. ఇటువంటి తారతమ్యాన్ని త్వరగా గ్రహించడానికి యంత్రగణన అత్యవసరం. ‘అల వస్తుందా?’ అన్న ప్రశ్నకు సరియైన సమాధానం ఒకటే ఉంటుంది. అది ఒప్పో తప్పో సముద్రమే తేలుస్తుంది.

‘వెళ్ళవచ్చునా?’ అన్న ప్రశ్న అటువంటిది కాదు.

బాణం చెప్పిన మాట

పోర్ట్ బ్లెయిరుకు (2024 నుండి శ్రీ విజయపురం) పడమటి దిక్కున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉత్తర సెంటినెల్ ద్వీపమున్నది. 1880లో బ్రిటిషు అధికారి పోర్ట్‌మన్ అక్కడి వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను పట్టి తెచ్చాడు. దయతో చూచి, కానుకలిచ్చి పంపితే స్నేహం కుదురుతుందని అతని అంచనా. కాని అందరూ జబ్బుపడ్డారు, పెద్దలిద్దరూ మరణించారు, పిల్లలను కానుకలతో తిరిగి దింపివచ్చారు. తాము సాధించినది వారి భయాన్నీ, వైరాన్నీ పెంచడమేనని తరువాత అతడే ఒప్పుకొన్నాడు.

స్వాతంత్ర్యానంతరం మానవశాస్త్రజ్ఞులు 1967 నుండి ఓర్పుతో ప్రయత్నించగా, 1991 జనవరి 4న ద్వీపవాసులు తొలిసారి చేతినుండి కొబ్బరికాయలు అందుకొన్నారు. విజయమనుకొన్న ఆ యాత్రలను ప్రభుత్వం ఆ దశాబ్దంలోనే ఆపివేసింది. బయటివారి రోగాలవలన ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు కొన్ని పదులకు తగ్గిపోయిన విషాదం కళ్ళెదుటే ఉన్నది. 1999లో జరావాలలో తట్టు వ్యాపించి ఆ భయాన్ని మరింత దృఢపరచింది.

2018 నవంబరులో ఒక అమెరికన్ యువకుడు నిషేధాన్ని ఉల్లంఘించి ఆ ద్వీపంలో అడుగుపెట్టి ప్రాణాలు కోల్పోయాడు. అతనికీ తల్లిదండ్రులున్నారు, బిడ్డ శవాన్ని చూడాలన్న కోరిక ఏ దేశంలోనైనా ఒకటే. పోలీసులు పడవలో వెళ్ళి దూరంనుండి చూచి, తీరాన విల్లంబులతో నిలిచిన వారిని కవ్వించకుండా మరలివచ్చారు. దేహం అక్కడే ఉండిపోయింది. ఒకవైపు కడసారి చూపు, మరొకవైపు ఒక జాతి మనుగడ. ఏది ఎంచుకొన్నా ఒకరికి దుఃఖం తప్పదు.

లెక్కకు అందనిది

ఈ స్థితిలో యంత్రమేధను అడిగితే ఏమి చెప్పగలదు? అది నేర్చుకొనేది మానవులు వ్రాసిపెట్టిన దానినుండి. సెంటినెల్ గురించి వ్రాసినవన్నీ వెళ్ళినవారి వ్రాతలే. ద్వీపవాసుల మాట ఒక్కటైనా అందులో లేదు. వారి భాష బయటివారెవరికీ తెలియదు. తెలుసుకొందామని దగ్గరకు పోతే, ఆ పోవడమే వారికి ప్రాణాంతకం కావచ్చును. యంత్రానికి సమాచారం ఎంత ఉంటే అంత బలం. ఇక్కడ ధర్మమో, ఆ సమాచారాన్ని సేకరించకపోవడంలోనే ఉన్నది!

మానవులు మాత్రం పొరపడలేదా అని అడుగవచ్చును. పొరపడ్డారు. ఆశ్రితపక్షపాతం, తొందరపాటు, అలసట మనకే ఉన్నాయి. మనం మరచిన అంశాన్ని గుర్తుచేయడానికి, మన పక్షపాతాన్ని ఎత్తిచూపడానికి యంత్రం తోడ్పడితే స్వాగతించవలసిందే. అయితే పోర్ట్‌మన్ తన తప్పును చూచి విచారించగలిగాడు. తరువాతివారు ఆ విచారంనుండి నేర్చుకొన్నారు. తప్పుకు బాధపడలేని దానికి, జవాబుదారీ కాని దానికి తీర్పు చెప్పే పీఠం అప్పగించరాదు.

ఇది సుదూర ద్వీపానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. ప్రభుత్వరంగ సంస్థలలో కారుణ్య నియామకాల దరఖాస్తులు మన బల్లలమీదికి వస్తూనే ఉంటాయి. ఆదాయం, అప్పులు, ఆధారపడినవారి సంఖ్య – వీటికి మార్కులు వేసి జాబితా తయారుచేయడం యంత్రానికి క్షణాలమీద పని. కాని అర్హత ఉన్నదో లేదో తేల్చి, లేదన్న మాటను ఆ ఉద్యోగి భార్యకు ఎదురుగా కూర్చుండి చెప్పవలసినది మనమే. ‘కంప్యూటరు అట్లా చెప్పిందమ్మా’ అని తప్పించుకొన్ననాడు మనం సంతకం పెట్టే అర్హతను కోల్పోతాము. యంత్రం లెక్క చెప్పనీ; నిర్ణయం, దాని భారం మనవిగానే ఉండనీ.