గోధుమ బీరులో అరటిపండు వాసన ఎక్కడిది?

మన కాలేజీ నుంచి మ్యూనిక్ వచ్చే జూనియర్లు రూము, బ్యాంకు అకౌంటు, సిమ్ కార్డు పనులు అయ్యాక నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, "అన్నా, ఇన్ని బీర్లలో ఏది బాగుంటుంది?" రెండోది కొంచెం గొంతు తగ్గించి, "తాగనంటే ఇక్కడివాళ్లు ఏమన్నా అనుకుంటారా?" రెండింటికీ జవాబు ఇక్కడే రాసేస్తున్నా. నేను చదివింది కెమికల్ ఇంజనీరింగే కాబట్టి రొంత కెమిస్ట్రీ తప్పదు.

నాది గోనెగండ్ల. మా వైపు తాగుడంటే మత్తు, అప్పు, ఇంట్లో గొడవ. దాని రుచి గురించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బవేరియాలో జనం ముందు మాట్లాడేది రుచి గురించే. ఆ రుచికి మూలం ఈస్ట్.

గోధుమ బీరును ఇక్కడ వైస్‌బీర్ అనీ వైట్సెన్ అనీ అంటారు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మన రాగిమాల్ట్ పద్ధతే. వాడే మాల్ట్‌లో కనీసం సగం గోధుమ ఉంటేనే జర్మనీలో దాన్ని గోధుమ బీరు అనాలి. మిగతాది బార్లీ. చేదు కోసం హాప్స్ పువ్వులు వేస్తారు, కానీ తక్కువే. అందుకే ఇది మామూలు లాగర్ కంటే మెత్తగా, చేదు తక్కువగా ఉంటుంది.

మొదటిసారి వాసన చూసినవాళ్లు "అరటిపండు ఎసెన్స్ కలిపారా?" అంటారు. ఏమీ కలపరు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడుతో పాటు ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను కూడా తయారుచేస్తుంది. పండిన అరటిపండులో ఉండేది కూడా అదే. లవంగం ఘాటు ఇంకో దారిన వస్తుంది. గింజలోని ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈ ఈస్ట్ 4-వినైల్‌గ్వయకాల్‌గా మారుస్తుంది. మామూలు లాగర్ ఈస్ట్‌కు ఈ గుణం లేదు. ఎండాకాలం దోసెపిండి తొందరగా పులిసినట్టే ఇక్కడా వేడి పాత్ర ఉంది. పులిసేటప్పుడు వేడి రొంత ఎక్కువైతే అరటిపండు వాసన ముందుకొస్తుంది, తగ్గితే లవంగం తేలుతుంది. మ్యూనిక్ దగ్గర ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫాన్‌లో బీరు తయారీని ఇంజనీరింగ్ డిగ్రీగానే చెబుతారు. బాగా వాడుకలో ఉన్న గోధుమ బీరు ఈస్ట్‌కు ఆ ఊరి పేరే ఉంది, వైహెన్‌స్టెఫాన్ 68 అని.

ఇంత పేరున్న ఈ బీరు ఒకప్పుడు అందరూ కాచడానికి వీల్లేనిది. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని శాసనం చేశారు. గోధుమను రొట్టెకు మిగల్చాలన్నది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. వానలు తప్పిన ఏడు గింజ విలువ ఏమిటో మన కర్నూలు పడమటి పల్లెలకు వేరే చెప్పాలా? డేగెన్‌బర్గ్ ప్రభువులకు మాత్రం గోధుమ బీరు కాచే హక్కు ఉండేది. 1602లో ఆ వంశం అంతరించాక హక్కు పాలకుడు మాక్సిమిలియన్ చేతికొచ్చింది, ఖజానాకు బాగా ఆదాయం తెచ్చింది. తర్వాత గిరాకీ పడిపోయింది. 1872లో గేయార్గ్ ష్నైడర్ అనే ఆయన ఆ హక్కు సంపాదించి మళ్లీ నిలబెట్టాడు.

ఇక ఎంచుకోవడం. సీసా మీద ఈ మాటలు చూడండి.

హేఫె అంటే ఈస్ట్. హేఫెవైట్సెన్‌ను వడకట్టరు, అందుకే మబ్బుగా ఉంటుంది. మొదటిసారికి ఇదే సరైనది. క్రిస్టాల్ అంటే వడకట్టింది. తేటగా ఉంటుంది, వాసన తక్కువ. డుంకెల్ అంటే నలుపు. మాల్ట్‌ను ఎక్కువ వేడిలో ఆరబెట్టడం వల్ల రొట్టె అంచు కాలిన కమ్మదనం వస్తుంది. వైట్సెన్‌బాక్ చిక్కనిది, గట్టిది. బెర్లినర్ వైసె వేరే జాతి. లాక్టిక్ బాక్టీరియాతో పులుస్తుంది, ఆల్కహాలు తక్కువ. మన పులిసిన అంబలి ఇష్టమైతే దీని పులుపూ నచ్చుతుంది.

సీసా మీద తేదీ చూసి తాజాది తీసుకోండి. హేఫెవైట్సెన్ నిలవుంటే వాసన పోతుంది. పొడవాటి గ్లాసును చల్లటి నీళ్లతో కడిగి, వంచి, నెమ్మదిగా పోయాలి. చివర్లో కొంచెం మిగిల్చి, సీసాను గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న ఈస్ట్ మడ్డిని నురగతో సహా పోసేయాలి. మరీ గడ్డకట్టే చలువ వద్దు, వాసన తెలీదు. తోడుగా ఇక్కడివాళ్లు తెల్ల సాసేజి, తీపి ఆవపిండి తింటారు. నేను ఇండియన్ షాపులో బొరుగులు తెచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసుకుంటా. చేదు లేని బీరు కారంతో పోట్లాడదు, గ్యాసు నూనె జిడ్డును కడిగేస్తుంది.

ఇప్పుడు లెక్క. 5 శాతం బీరు అర లీటరులో 25 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. మన దగ్గర 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో ఉండేదీ దాదాపు అంతే. "బీరే కదా" అనే మాట లెక్కకు నిలబడదు. 8 శాతం వైట్సెన్‌బాక్ అర లీటరైతే 40 మిల్లీలీటర్లు. తియ్యగా ఉండటంతో ఆ గట్టిదనం నాలుకకు తెలీదు. రుచి కోసమే అయితే ఒక గ్లాసు చాలు. రెండో గ్లాసుకు ముక్కు అలవాటుపడి అరటిపండు వాసన సగం తెలీనే తెలీదు.

రెండో ప్రశ్నకు జవాబు: ఎవరూ ఏమీ అనుకోరు. ఆల్కహాలు తీసేసిన గోధుమ బీరు ఇక్కడ ప్రతి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, ఆటగాళ్లు పరుగు పందెం అయ్యాక తాగుతారు. దాని పేరు అల్కోహోల్‌ఫ్రై. అందులోనూ 0.5 శాతం దాకా ఉండొచ్చు, కాబట్టి అసలే వద్దనుకునేవాళ్లు 0.0 అని ఉన్నది చూసుకోండి. "ప్రోస్ట్" అంటూ గ్లాసుల అడుగు భాగాలు తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే మర్యాద. గ్లాసులో ఏముందని అడగరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మరుసటేడు సారా నిషేధం వచ్చింది. ఆ కోపం వెనక ఎన్ని ఇళ్ల కథలున్నాయో మా ఊళ్లో పెరిగినవాడిగా నాకు తెలుసు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాకే అనుమతి, అదీ గుర్తుంచుకోండి. తాగినా, వద్దన్నా, సీసా మీద రాసింది చదివి మీరే తేల్చుకోండి. పక్కనోడు పోశాడని మాత్రం గ్లాసు అందుకోకండి.