బెజవాడ మారాలా? ముందు బుడమేరును అడగండి!

‘‘మావయ్యా! మీ బెజవాడలో ఏముంది... ఎండ, ఉక్కపోత, బెంజి సర్కిల్ ట్రాఫిక్కు తప్ప?’’

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే మా మేనల్లుడి మాట ఇది. కంపెనీలు రావాలంటే ఊరు మారాలంటూ ఓ సలహా కూడా పడేశాడు. నాకు చురుక్కుమంది. కానీ కొట్టిపారేసే మాట కాదది.

మారనిదెప్పుడు?

అసలు ఈ ఊరు మారనిదెప్పుడు? 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యింది. కాలవల కింద డెల్టా పండింది, వ్యాపారం పెరిగింది. తర్వాత రైల్వే జంక్షన్ వచ్చింది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైంది. 1957లో ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు... వీటన్నిటి వెనకా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల కష్టం ఉంది. ‘కొత్తవాళ్లొస్తే ఊరు పాడైపోతుంది’ అనే మాట మన నోట రాకూడదు.

రాజధాని ఊపు

2014లో రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ ఆఫీసులు ఇటు తరలివచ్చాయి. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. బెజవాడలో అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ ఊపు చల్లారింది. 2025 మే 2న పనులకు మళ్లీ శ్రీకారం చుట్టారు. ఊరి బతుకు ఒక్క ప్రకటన మీద వేలాడకూడదని ఈ పదేళ్లూ మనకు నేర్పాయి.

నీళ్ల సంగతేంటి?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. పాలప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం జనం డాబాలెక్కి ఎదురుచూశారు. కొల్లేటికి పోవాల్సిన వాగు దారిలో ఇళ్లు లేపి, ఆనక వాగును తిట్టుకుంటే ఏం లాభం? ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడు ఫ్లైఓవర్ల కన్నా ముందు ఇదే అడుగుతాడు: ‘‘వానొస్తే నా మిషన్లు మునుగుతాయా?’’

ఏం మార్చాలి?

గన్నవరం పక్కన కేసరపల్లిలో హెచ్‌సీఎల్, మేధా టవర్స్ ఉన్నాయి. ఇంకా రావాలి. కానీ ఐటీ ఒక్కటే పరిశ్రమ కాదు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్కులున్న ఆటోనగర్‌కు కరెంటు బండ్ల పని నేర్పిస్తే చాలామందికి కూడు దొరుకుతుంది. నూజివీడు మామిడి, డెల్టా ధాన్యం, చేపలు, రొయ్యలు మన చుట్టూనే ఉన్నాయి. వాటిని శుద్ధి చేసి, ప్యాక్ చేసే పని ఇక్కడే ఎందుకు పెరగకూడదు? అయితే షెడ్లను మెట్ట నేలలో కట్టాలి. మూడు కార్లు పెట్టుకునే విల్లాల కోసం మాగాణి పూడ్చేస్తే, పంటా పోతుంది, వాన నీరు నిలిచే చోటూ పోతుంది.

ఏలూరు, బందరు, రైవస్ కాలవలు ఊరి మధ్య నుంచే పారుతున్నాయి. ఇంత భాగ్యం ఎన్ని ఊళ్లకుంది? మనమేమో వాటిలో చెత్త కవర్లు విసిరేస్తున్నాం.

మారాలి, తప్పకుండా మారాలి. అయితే వచ్చేవాళ్ల కోసం గోడలకు రంగులేస్తే సరిపోదు. సింగ్‌నగర్ ఇల్లాలు మబ్బు పట్టగానే బియ్యం డబ్బా అటకెక్కించే అవసరం తప్పాలి. ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండే ఊరికే కొత్తవాళ్లూ ధైర్యంగా వస్తారు. ఏమంటారు?