ఒకే పట్టీలోంచి విచ్చుకునే సిలువ

విశాఖ పాతపట్నంలో ఓడరేవు కాలువ పక్కనే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. 1864లో ఇక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ దొర పేరుతోనే ఆ మూడో కొండను ఇప్పటికీ రాస్ హిల్ అంటారు. సముద్రపు గాలి నేరుగా తగిలే ఇలాంటి చోట ఇనుప సిలువ పెడితే తుప్పు ముందు ఎక్కడ మొదలవుతుంది? నిలువు కడ్డీ, అడ్డ కడ్డీ కలిసే నడిమి అతుకులో.

ఆ అతుకు సందులోకి ఉప్పునీరు దిగితే తొందరగా ఆరదు. లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, బయట మాత్రం పుష్కలంగా ఉంటుంది. ఈ తేడా వల్ల సందులోని ఇనుము కరగడం మొదలవుతుంది. దాని వెంట క్లోరైడ్ లోపలికి చేరి, అక్కడి నీరు ఆమ్లంగా మారుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల లోహం కరిగిపోతుంటుంది. రెండు రాడ్లు అడ్డంగా పెట్టి నాలుగు వెల్డింగ్ చుక్కలు వేసిన సిలువలకు ఈ బెడద ఎక్కువ.

కొలిమి దగ్గర దీనికి చక్కటి పరిష్కారం ఉంది: అసలు అతుకే లేకుండా చేయడం.

40 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న మైల్డ్ స్టీల్ పట్టీ తీసుకోండి. పై కొస నుంచి కిందికి సమాన దూరంలో రెండు గీతలు గీస్తే మూడు వేళ్ల గుర్తులు పడతాయి. గీతలు ఆగేచోట చిన్న బెజ్జాలు వేయాలి. తర్వాత పట్టీని నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, ఆ గీతల వెంట ఉలితో చీల్చాలి. ఉలి అడుగుదాకా దిగేటప్పుడు దాగలి ముఖం దెబ్బతినకుండా కింద ఒక మెత్తటి ఇనుప రేకు వేస్తారు. ఇప్పుడు పక్క వేళ్లు రెండింటినీ చెరోవైపు వంచితే అవి సిలువ చేతులు, మధ్య వేలు తల. వంచేటప్పుడు లాగుడంతా చీలిక మొదట్లోనే పడుతుంది. అక్కడ మొన తేలిన గాటు ఉంటే బలమంతా దాని మీదికి చేరి పగులు పుడుతుంది. గుండ్రటి బెజ్జం ఆ బలాన్ని చుట్టూ పంచుతుంది. ముందే వేసిన బెజ్జం పని అదే.

మిగిలిన కింది భాగం ఇంకా మూడు వేళ్ల వెడల్పే ఉంటుంది. దాన్ని ఒక వేలంత సన్నగా సాగగొడితే 100 మిల్లీమీటర్ల ముక్క దాదాపు 300 మిల్లీమీటర్ల కాండమవుతుంది. సుత్తి దెబ్బకు లోహం స్థలం మారుతుంది తప్ప తరగదు. కాల్చిన ప్రతిసారీ నల్లటి పెచ్చులుగా రాలిపోయేదే నష్టం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే లెక్క ఇది.

ఇంత గట్టి ఉక్కు వేడికి మైనంలా లొంగడానికి ఒక కారణం దాని పరమాణువుల అమరిక. సుమారు 727 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ అమరిక మారడం మొదలవుతుంది. కొత్త అమరికలో పరమాణువుల పొరలు ఒకదానిమీద ఒకటి సులువుగా జారతాయి. పైగా అంత వేడిలో, దెబ్బకు నలిగిన స్ఫటికాల చోట కొత్తవి పుడుతుంటాయి కాబట్టి లోహం బిరుసెక్కదు. రంగు ఎరుపు దిగి నల్లబడుతుంటే సుత్తి ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాల్సిందే. లోహం వేడిని కళ్లతో కొలవడం కష్టమనిపిస్తే అయస్కాంతం ఉంది: 770 డిగ్రీలు దాటిన ఇనుమును అది పట్టుకోదు.

కాండానికి మెలిక తిప్పాలంటే వేడి అంతటా ఒకేలా ఉండాలి. ఎక్కువ కాలిన చోట మెలిక బిగుసుకుపోతుంది, తక్కువ కాలిన చోట తెరుచుకుని ఉంటుంది. అందుకే తిప్పుతూ తిప్పుతూనే, ముందుగా బిగుస్తున్న చోట కొంచెం నీళ్లు పోస్తారు. నీళ్లు పడ్డ చోట మెలిక ఆగి, పక్కది అందుకుంటుంది.

పెద్ద సిలువలకు ఒకే పట్టీ చాలదు. అప్పుడు నిలువు కడ్డీని వేడిమీద ఉలితో చీల్చి, ఆ చీలికలోకి మొనదేలిన గూటాన్ని దిగ్గొట్టి తెరుస్తారు. అడ్డ కడ్డీ అందులోంచి దూరుతుంది. డ్రిల్లు వేస్తే లోహం పొడిగా పోయి కడ్డీ బలహీనపడుతుంది. ఇక్కడ లోహం పక్కలకు ఉబ్బి, బెజ్జం చుట్టూ నిలబడుతుంది. బలం పోదు, చూపుకూ బాగుంటుంది. కానీ సందు తిరిగి వచ్చింది, సముద్రతీరంలో దాన్ని రంగుతో, సీలెంటుతో పూడ్చక తప్పదు.

ఉక్కు నగరంలో ఇనుముకేం కొదవ అని ఇంటి పునాదికి మిగిలిన టీఎంటీ కడ్డీతో మొదలుపెట్టకండి. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం అమ్మే సరుకులో ఆ కడ్డీలూ ఉన్నాయి. అవి రోలింగ్ మిల్లు నుంచి ఎర్రగా బయటికి వస్తుండగానే నీటి జల్లుతో పైపొర గట్టిపడుతుంది. లోపలి వేడి బయటికి పాకి ఆ పొరలోని పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. కొలిమిలో ఎర్రగా కాలిస్తే ఆ పొర గుణం పోతుంది, బలమూ తగ్గుతుంది. ఒంటిమీది గట్లు కూడా సుత్తి కింద మడతపడి పగుళ్లవుతాయి. సాదా ఫ్లాటో, స్క్వేర్ రాడ్డో మేలు.

జింకు పూత పూసిన ఇనుమును మాత్రం కొలిమి ఛాయలకు రానివ్వకూడదు. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. పూత పని ముగిశాక వేయించాలి. సుమారు 450 డిగ్రీల జింకు తొట్టిలో ముంచితే సిలువ ఆకారం చెడదు. ముంచే ముందు కడిగే ఆమ్లం అతుకుల సందుల్లో దాగి తర్వాత కారుతుంటుంది. ఒకే పట్టీలోంచి విచ్చుకున్న సిలువలో అది దాక్కోవడానికి చోటుండదు.