మంచుకప్పు క్రింద చేపలు

తోటకొలను గడ్డకట్టినచో బంగారు చేపలు చలికి చచ్చునని మనమనుకొందుము. నిజమునకు వానికి ఊపిరాడకపోవుటయే పెద్ద గండము. నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మిక్కిలి బరువై అడుగునకు దిగును. కావున పైన మంచు కట్టినను లోతైన కొలనులో చేపలు అడుగున కదలక మెదలక బ్రతుకగలవు. కాని కుళ్ళిన ఆకులు ప్రాణవాయువును హరించి విషవాయువులను పుట్టించును. మంచుకప్పు వానిని వెలికి పోనీయదు.

అందుచే ఇంగ్లండులో గృహస్థులు ఆకురాలు కాలముననే కొలనుపై వల పరచి, అడుగున చేరిన మడ్డి తీయుదురు. నీటి వేడిమి 10 డిగ్రీలకు దిగగనే మేత తగ్గించి, మరింత చల్లబడినచో మానుదురు. చల్లని నీట చేపకు తిన్నది అరగదు. మంచును సుత్తితో పగులగొట్టరాదు. ఆ అదురు చేపలకు హానికరము. వేడినీటి గిన్నెను మంచుపై నుంచినచో అచట కరగి రంధ్రమేర్పడును. ఆ రంధ్రముననే విషవాయువు వెడలును, ప్రాణవాయువు చేరును.