ఫ్రాయిడ్‌తో పేచీ పెట్టిన కలకత్తా డాక్టరు

మగపిల్లవాడికి తల్లిమీద మమకారం. తన పురుషత్వానికి తండ్రి ఎక్కడ ఎసరు పెడతాడోనని భయం. ఆ భయంతోనే వాడు దారిలో పడి మగవాడవుతాడని వియన్నాలో ఫ్రాయిడ్ మహాశయుడు తేల్చాడు.

కలకత్తాలో డాక్టరు గిరీంద్రశేఖర బోసు దీనికి ఊరికే తల ఊపలేదు. 1922లో తన ఇంట్లోనే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని నెలకొల్పిన మనిషి ఆయన. ప్రతి కోరిక వెనకా దానికి ఎదురు కోరిక ఒకటి నక్కి ఉంటుందని ఆయన సిద్ధాంతం. కొట్టాలనే కోరిక చాటున కొట్టించుకోవాలనే కోరిక! అలాగే మగవాడి మనసులో స్త్రీ కావాలనే కోరికా ఉంటుందట. అసలు పోరాటం ఈ రెంటికీ మధ్యనే, తండ్రి బెదిరింపుకు బలమిచ్చేదీ అదేనని 1929లో ఫ్రాయిడ్‌కే రాశాడు. యూరపు రోగుల్లోకంటె మనవాళ్ళలో ఆ కోరిక తేలిగ్గా బయటపడుతుందని కూడా చెప్పాడు. "మగవాడివి, ఏడుస్తావేమిరా?" అని గదమాయించే తండ్రులు ఈ మాట వింటే ఏమంటారో!

వియన్నా రోగుల గుట్టే లోకమందరి గుట్టూ అవుతుందా అన్నది ఇక్కడ చిక్కుప్రశ్న. ఆ తేడా తన దృష్టికి వచ్చిందనీ, గమనిస్తూ ఉంటాననీ ఫ్రాయిడ్ మర్యాదగా రాశాడే గాని తన సిద్ధాంతాన్ని మార్చుకోలేదు.

ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు కలకత్తానుంచి దంతపు విష్ణుమూర్తి వెళ్ళింది. దాన్ని ఆయన తన రాతబల్ల మీదనే పెట్టుకున్నాడు.