తుపాకీ లైటు కొంటున్నారా?

మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవి పందులు రాత్రికి రాత్రే దున్నేస్తాయి. అటవీ శాఖ అనుమతితో వాటిని కాల్చబోయే లైసెన్సుదారుకు రైఫిల్‌తోపాటు దానికి బిగించే లైటూ కావాలి.

చవక లైట్ల పెట్టెలపై వేల ల్యూమెన్లు రాసి ఉంటాయి. అది మొత్తం వెలుగు లెక్క. దూరం తేల్చేది కాండెలా. 10,000 కాండెలాల లైటు 200 మీటర్లు అందుతుందన్న మాట నిజమే గాని, అక్కడ పడేది పున్నమి వెన్నెలపాటి వెలుగే. కదిలింది పందో, కాపలా రైతో తేల్చుకోవడానికి అది చాలదు.

పేలగానే తుపాకీ వెనక్కి తన్నుతుంది. నాసిరకం లైటులో సెల్లు కదిలి వెలుగు ఆరిపోతుంది. సెల్లుకు రెండు చివర్లా స్ప్రింగులున్నది చూసుకోవాలి. 18650 రకం సెల్లయితే మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోవచ్చు, ఖర్చు కలిసివస్తుంది.

పొదలు వెదకడానికి మాత్రం చేతి టార్చి వేరే ఉండాలి. తుపాకీ లైటు ఎటు తిరిగితే గొట్టమూ అటే తిరుగుతుంది.