అలక తీర్చే ప్రేమ: తంజావూరు తెలుగు కావ్యం

ప్రేమ అంటే ఏమిటి? ఏ దేశంలోనైనా రాజాస్థాన కవులు ఈ ప్రశ్న వేసుకున్నవారే. మధ్యయుగాల జర్మన్ కవులు ప్రేమను ‘మిన్నె’ అన్నారు. వీరుడు తాను వలచిన స్త్రీకి సేవకుడిలా మెలగాలి, ఆమె మెప్పు కోసం కష్టాలకు ఓర్చాలి. గాట్‌ఫ్రీడ్ కవి సుమారు 1210లో రాసిన ‘ట్రిస్టాన్’ కథ చూడండి. మేనమామ మార్క్ రాజుకు కాబోయే భార్య ఇసోల్డ్‌ను ఓడలో తీసుకువస్తూ, ట్రిస్టాన్ ఆమెతోపాటు తెలియక వలపు మందు తాగుతాడు. ఆపైన రాజభక్తి ఒకవైపు, ప్రేమ ఒకవైపు!

మరి మనవాళ్లేమన్నారు? మింజూరు, పొన్నేరి ప్రాంతాల తెలుగువారు ఈ జవాబు కోసం గోదావరి దాకా వెళ్లనక్కరలేదు. మనముంటున్న తమిళనాడులోనే, తంజావూరులో ఉంది. విజయరాఘవ నాయకుని కాలంలో (1633–73) క్షేత్రయ్య పదాలు అక్కడ మన్ననలందుకున్నాయి. తరువాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించారు. వారిలో ప్రతాపసింహుని (1739–63) ఆస్థానంలో వెలిగిన విదుషి ముద్దుపళని. కళావంతుల ఇంట పుట్టిన ఆమె రచించిన కావ్యం ‘రాధికా సాంత్వనము’.

కథ చిన్నదే. తాను పెంచిన ఇళను రాధే స్వయంగా కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆపైన కృష్ణుని ఎడబాటు భరించలేక కుమిలిపోతుంది, కోపగించుకుంటుంది. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలి ఆమె అలక తీరుస్తాడు.

సత్యభామ అలక మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ ఆ మనసు విప్పింది ఒక స్త్రీ కలం. మిన్నెలో స్త్రీ ఎక్కువగా పురుషుని ఆరాధన అందుకునే దేవత. ముద్దుపళని రాధ అలా ఊరుకోదు. తన కోరికను, అసూయను, దుఃఖాన్ని నోరు తెరిచి చెబుతుంది. ఆ మాట విని తగ్గి రావడమే ప్రేమ అని ఈ కావ్యం సారం.

ఈ ధైర్యమే కొందరికి కంటగింపయింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ శృంగారాన్ని తీవ్రంగా నిందించారు. పాత ముద్రణలో పద్యాలు తొలగించారని గ్రహించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, వ్రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠాన్ని మద్రాసులో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించారు. ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

శృంగారం మెండుగా ఉన్న ఈ కావ్యం చిన్నపిల్లలకు చదివి వినిపించేది కాదు, నిజమే. కాని వారు పెద్దయ్యాక చదువుకోవాలంటే అక్షరాలు ఇప్పుడే రావాలి కదా! 2011లో ఆంగ్లానువాదం వచ్చింది. కథ అందులో దొరుకుతుంది, పద్యపు నడక దొరకదు. ఒకప్పుడు ప్రభుత్వం ఆపిన పుస్తకం నేడు స్వేచ్ఛగా దొరుకుతోంది. మన ఇంట్లో తెలుగు చదివేవారు లేక అది మూతపడితే ఆ నిషేధం మనం విధించినట్టే. రోజుకొక పావుగంట పిల్లలతో తెలుగు చదివించండి!